గవ్వకు కొత్త నాడాలు

"వచ్చీసింది! తాయారూ, మనకి క్వార్టరొచ్చీసింది!"

గురునాథరావు సందు మొదట్లోనే అరవడం మొదలుపెట్టాడు. ఇంటి ముందుకొచ్చేసరికి సైకిలుకి బ్రేకు వెయ్యాలన్న సంగతి కూడా మరిచిపోయి, నేరుగా వెళ్ళి పచ్చగడ్డి మోపు మీద కూలబడ్డాడు. సైకిలు ఒకవైపు, క్యారేజీ ఒకవైపు, మనిషి మధ్యలో. పడ్డవాడు పడ్డట్టే నవ్వుతున్నాడు.

తాయారు చేతిలో బియ్యం చేట ఉండాలి. అదెప్పుడు జారిపోయిందో ఆమెకు తెలియలేదు. కోళ్ళకు మాత్రం వెంటనే తెలిసింది.

తాయారుది సబ్బవరం. బి.ఏ. ప్యాసైన పిల్ల. పోర్టులో గుమాస్తాగా ఉన్న గురునాథరావుని చేసుకుని మల్కాపురం వచ్చింది. పెళ్ళినాటి గోరింటాకు గోళ్ళ మీద ఇంకా పూర్తిగా దిగలేదు. మామ నూకరాజుకి జట్కాబండి ఉంది. రెండు గదుల పెంకుటింట్లో మామ, అత్త అసిరమ్మ, కొడుకు, కోడలు. ఇంటి పక్క పాకలో గవ్వ. గవ్వ అంటే ఆడగుర్రం. నుదుట గవ్వలాంటి తెల్లమచ్చ ఉండబట్టి ఆ పేరు. కొత్త దంపతుల గది అంటే పాత చీర అడ్డం కట్టిన ఒక మూల. చీరకి అవతల తాయారు ఫక్కున నవ్వితే, ఇవతల మామ దగ్గేవాడు. అందుకని ఆ సాయంత్రం వాళ్ళకు దొరికింది ఇల్లొకటే కాదు, గట్టిగా నవ్వుకోవడానికి ఒక చోటు.

అప్పటికప్పుడే వెళ్ళి చూశారు. మెయిన్ రోడ్డు దాటితే క్వార్టర్లు. నీళ్ళొచ్చే ముందు ముసలాయనలా ఖళ్ళుఖళ్ళుమని దగ్గే కుళాయి, మూసినప్పుడల్లా కీచుమనే కిటికీ రెక్క, ఆ కిటికీలోంచి దూరాన ఓడల మీద ఎగిరే జెండాలు. ప్రతిదీ తనకోసమే ఎవరో దాచి ఉంచినట్టు అనిపించింది తాయారుకి.

"ఆ పచ్చజెండా ఏ దేశానిదండీ?"

"తెలీదు."

"ఆ ఎర్రది?"

"అదీ తెలీదు. పోర్టులో పనిచేస్తున్నానని మీ నాన్నకి చెప్పాను గానీ జెండాలు తెలుసునని చెప్పలేదు."

కొడుకూ కోడలూ తిరిగొచ్చేసరికి నూకరాజు ఒక నిర్ణయానికి వచ్చేశాడు. గుర్రపు నాడా గుమ్మానికి కొడితే ఇంటికి మంచిదని ఊళ్ళో చాలామంది ఆయన్ని అడిగేవారు. ఎవరికీ ఇచ్చిన పాపాన పోలేదు.

"ఎందరడిగినా ఇవ్వనేదు," అన్నాడు మీసం దువ్వుకుంటూ. "నా కోడలి గుమ్మానికి మాత్రం గవ్వ కుడికాలి నాడాయే. ఎన్ని రోడ్లు తిరిగొచ్చిన నాడా అది! కొత్త ఇనపముక్కకేటుంటాది బలం?"

నాడాలు కొట్టేది యేసుదానం. పోర్టు వర్క్‌షాపులో కమ్మరి. తండ్రి దగ్గర నేర్చిన ఈ పనిని మాత్రం వదల్లేదు. నూకరాజు గుడికి, అతను చర్చికి వెళ్ళినా ఇద్దరిదీ బావా అంటే బావా అనే వరస. కబురందుకుని తళతళలాడే తెల్లచొక్కాతో వచ్చాడు.

"ఇప్పుడేటి బావా నీ తొందర? మావోళ్ళ పెళ్ళికెల్తన్నాను. సొక్కా సూడు!"

"ఇప్పీసి కొట్టు."

"ఇస్త్రీ సొక్కా! ఇప్పితే నలిగిపోదేటి?"

చొక్కా మీద గోనెపట్టా చుట్టుకుని, ఒక చేత్తో అది జారకుండా చూసుకుంటూ కూర్చున్నాడు. ఒక కాలికి కొత్తదీ ఒక కాలికి అరిగిందీ ఉంటే నడక సమంగా రాదని, ముందుకాళ్ళు రెంటికీ పాతవి ఊడదీసి కొత్తవి కొట్టాడు. కుడికాలి పాత నాడా కొత్తింటి గుమ్మానికెక్కింది. ఎడమకాలిది అతని సంచిలో పడింది.

"శుక్రవారం పాలు పొంగిద్దాం," అని ప్రకటించాడు నూకరాజు. "కోడలు జట్కాలోనే ఎల్లాలి. పాలగిన్నె ఒళ్ళో ఎట్టుకుని, దర్జాగా. గవ్వ లాగుద్ది."

తాయారు ఆ శుక్రవారం కోసం ఎదురుచూసింది. ఎదురుచూడ్డం ఆమెకు అలవాటే. సాయంత్రాలు సందులోకి తిరిగొచ్చే గవ్వ డెక్కల చప్పుడు వినడం ఆమెకున్న చిన్న చిన్న సంబరాల్లో ఒకటి. టకటక, టకటక. ఆ చప్పుడు వినపడితే పొయ్యి మీద టీ పెట్టేది.

కానీ శుక్రవారం రాకముందే ఒక సాయంత్రం ఆ చప్పుడు మారిపోయింది. మూడు దెబ్బలు గట్టిగా, ఒకటి మెత్తగా. తాయారు టీగిన్నె పట్టుకునే బయటికి వచ్చింది. గవ్వ అడుగడుక్కీ తల ఊపుకుంటూ వస్తోంది. బండి దిగి నడిపించుకొస్తున్న నూకరాజు మొహం వాడిపోయి ఉంది.

కుడికాలు నేలకి ఆనినప్పుడల్లా గవ్వ తల కిందికి వంగుతోంది. "కుడికాలే! దాని మీదకే కూలిపోతన్నాది సూడండి," అన్నారు చూసినవాళ్ళంతా. ఆ తర్వాత సందు సందంతా పశువుల డాక్టర్లే అయిపోయారు.

"ఉలవలు ఎక్కువేసుంటారు. గిట్టల్లోకి వేడి దిగిపోద్ది."

"పాకలో తడి ఆరనేదు. గిట్ట అడుగున కుళ్ళిందేమో, వాసన సూడండి."

"రాయి ఒత్తుకునుంటాది."

"అది కాదు, నరం సాగింది. కింద వాపుందేటి?"

ఒక్కొక్కటే చూశారు. వాసన లేదు, వాపు లేదు, రాయి లేదు. యేసుదానం వచ్చి కుడికాలి కొత్త నాడా ఊడదీసి, గిట్ట చుట్టూ పట్టకారుతో నొక్కి, సుత్తితో తట్టి చూశాడు. గవ్వ కిక్కురుమనలేదు.

"నా మేకుల్లో తప్పు నేదు బావా. ఇది బుజం. ఉప్పు మూటతో కాపడం ఎట్టు."

"బుజమూ కాదు, ఏటీ కాదు," అంది అసిరమ్మ. "దాని కుడికాలి అదృష్టం ఊడబీకి గుమ్మానికి కొట్టినారు. కాలు ఊరుకుంటాదేటి?"

అందరి చూపులూ ఒకసారి కోడలి మీదికి తిరిగాయి. తాయారుకి మొహం వేడెక్కింది. గుమ్మం తనది. మర్నాడు ఆ నాడా కిందికి దిగింది. యేసుదానం దాన్ని మళ్ళీ గవ్వ కుడికాలికే కొట్టాడు. కొత్తింటి గుమ్మానికి మేకుల చిల్లులు మిగిలాయి. పాలు పొంగించడం ఆగిపోయింది.

నాడా తిరిగెక్కినా కుంటు తగ్గలేదు. పూటపూటా కుడి బుజానికి, కుడికాలికి ఉప్పు మూటల కాపడం పెట్టారు. ఇంకా ఎక్కువైంది. జట్కా కాడి పైకెత్తి మూలన పెట్టేసి, నూకరాజు అన్నం కూడా పాకవైపు వీపు పెట్టి తినేవాడు. ఒకరోజు ఎటో చూస్తూ చెప్పాడు.

"ఆదివారం కొత్తవలస నుంచి మనిషొత్తాడు. గవ్వని తోలుకుపోతాడు. ఇంక జట్కా నడపను."

చీర అడ్డం కట్టిన మూలలో ఆ రోజు ఎవరూ నవ్వలేదు. ఎవరూ దగ్గనూ లేదు. గవ్వ వెళ్ళిపోతే ఈ ఇంట్లో తన మొదటి జ్ఞాపకం అదే అవుతుందని తాయారుకి తెలుసు. ఎవరూ పైకి అనరు. అంతా మనసులో పెట్టుకుంటారు.

మర్నాడు పొద్దున్న అత్తాకోడళ్ళు వీధికుళాయి నుంచి నీళ్ళు మోసుకొస్తున్నారు. వెనకాల నడుస్తున్న అసిరమ్మ ఉన్నట్టుండి ఆగింది.

"అదేటమ్మీ, ఆ కుడికాలు దబీదబీమని ఏత్తన్నావు? ముల్లేటైనా ఇరిగిందేటి?"

"కుడికాలికేం లేదత్తా. ఎడంకాలి మెట్టె బిగుసుకుపోయింది. కొత్తది కదా. అటు బరువెయ్యలేక ఇటు..."

తాయారు మాట మధ్యలో ఆగిపోయింది. బిందె వంకరగా వంగి నీళ్ళు కాళ్ళ మీద పడుతున్నా కదల్లేదు. నొప్పి ఎడమకాల్లో. పడిపోతున్నది కుడికాలి మీద. కొత్త మెట్టెలు. కొత్త నాడాలు.

"అత్తా, ఈ బిందె పట్టుకోండి!"

అసిరమ్మ ఏదో అనేలోపే కోడలు మెయిన్ రోడ్డు వైపు పరుగెత్తుతోంది, ఒక కాలు గట్టిగా, ఒక కాలు మెల్లగా వేస్తూ.

గురునాథరావుకి ఆ రోజు సెలవు. కొత్తింట్లో కూర్చుని గుమ్మం చిల్లుల్లో సున్నం కూరుతున్నాడు. సగం సున్నం ముక్కు మీదే ఉంది.

"ఏవండీ, మీరు గుర్రం అవ్వాలి."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. చేతులూ కాళ్ళూ నేలకి ఆనించండి."

అతను ఎందుకని అడగలేదు. పెళ్ళైన కొత్త మరి. లుంగీ ఎగ్గట్టి వంగున్నాడు. తాయారు వాకిట్లోంచి ఒక కంకరరాయి ఏరితెచ్చి, అతని ఎడమ అరచేతికి తువ్వాలుతో కట్టింది.

"ఇప్పుడు నడవండి. మెల్లగా. నాకేసి కాదు, తిన్నగా చూడండి."

"అబ్బా!"

"మళ్ళీ."

"అబ్బా! నీ బి.ఏ.లో ఇదే చెప్పారా?"

రాయి కట్టిన ఎడమచెయ్యి నేలకి ఆనినప్పుడల్లా తల చివుక్కున పైకి లేస్తోంది. కుడిచెయ్యి ఆనగానే బరువంతా దానిమీదికి వచ్చి తల కిందికి వాలుతోంది. అచ్చం గవ్వలాగే. తాయారు చప్పట్లు కొట్టింది. "నడు నడు నడు!" అంటూ అతని వెనకాలే గదంతా తిరిగింది.

సరిగ్గా అప్పుడే గుమ్మంలో అసిరమ్మ. చంకలో బిందె.

"ఓలమ్మో ఓలమ్మో! పెళ్ళై నాలుగురోజులు కానేదు, నా కొడుకుని అప్పుడే గుర్రాన్ని సేసీసావేటే!"

గురునాథరావు లేవబోయాడు. తాయారు భుజం మీద చెయ్యేసి ఆపింది. ఇప్పుడు సిగ్గుపడే తీరిక లేదామెకు.

"అత్తా, మీరే చెప్పండి. మీ అబ్బాయికి ఏ చెయ్యి నెప్పి? నడవండీ మీరు."

అతను నడిచాడు. అసిరమ్మ తప్పనిసరై చూసింది.

"కుడిసెయ్యి. దానిమీదకే కూలబడతన్నాడు, కనబడతం నేదేటి? ఏటైనాదిరా నీ సేతికి?"

గురునాథరావు ఎడమచెయ్యి పైకెత్తి, తువ్వాలు విప్పి, రాయి చూపించాడు.

అసిరమ్మ బిందె దించింది. ముక్కు మీద వేలేసుకుంది. తర్వాత చాలా నెమ్మదిగా అంది:

"మరోపాలి నడు నాయనా."

నూకరాజు పాక ముందు చుట్ట పట్టుకుని కూర్చున్నాడు. ముగ్గురూ ఒగరుస్తూ రావడం చూసి లేచాడు.

"గుర్రానిది ఎడంకాలు!" అంది అసిరమ్మ అందరికన్నా ముందు. "నీ కొడుకు నడిచి సూపించాడు."

"ఆడు నడవడమేటి?"

"అది నువ్వడక్కు. నెప్పి కాలు మోపినప్పుడు తల పైకెత్తుద్ది, మంచికాలు మోపినప్పుడు దించుద్ది. ముందుకెళ్ళి నిలబడి సూడు."

ఆ మాటకి నూకరాజు చేతిలో చుట్ట అలాగే ఆగిపోయింది. "నాను బండెక్కినకాడి నుంచీ గుర్రాన్ని ఎనకనుంచే సూత్తన్నాను," అన్నాడు, తనలో తను. "ముందునుంచి సూసిందెప్పుడు?"

గురునాథరావు కళ్ళెం పట్టుకుని గవ్వని నడిపించాడు. నూకరాజు ఎదురుగా గొంతుక్కూర్చుని చూశాడు. ఎడమకాలు ఆనేటప్పుడు తల లేస్తోంది. చూడాలనుకుని చూస్తే ఎంత స్పష్టంగా ఉందో! ఆయన వెళ్ళి ఒక్కో అరచెయ్యి ఒక్కో గిట్టకి ఆనించాడు.

"రెండూ ఏడిగానే ఉన్నాయి."

"కుడికాలికి కాపడం పెట్టారు కదా మామయ్యా," అంది తాయారు. "ఎడంకాలికి ఎవరు పెట్టారు?"

నూకరాజు కోడలి మొహం వంక చూశాడు. మరుక్షణం ఆయన గొంతు సందంతా మోగింది.

"బేగి యేసుదానాన్ని పిలవండ్రా!"

యేసుదానం బింకంగానే వచ్చాడు. "ఎడంకాలా? నాను కొట్టిన కాలు బావా అది."

"రెండూ నువ్వే కొట్టినావు. నొక్కి సూడు."

ఎడమగిట్ట ఒళ్ళోకి తీసుకుని పట్టకారుతో అంచు వెంబడి నొక్కుతూ వచ్చాడు. లోపలివైపు మడమ దగ్గరి మేకు మీదికి వచ్చేసరికి గవ్వ కాలు లాక్కున్న విసురుకి అతను వెళ్ళి గడ్డిమోపు మీద పడ్డాడు. సరిగ్గా గురునాథరావు పడ్డ చోటే. ఎవరూ నవ్వలేదు. అతనే లేచొచ్చి నాడా ఊడదీశాడు. మిగతా మేకులు పొడిగా వచ్చాయి. ఆ ఒక్కటి మాత్రం కొన దగ్గర నల్లగా, తడిగా వచ్చింది.

దాన్ని అరచేతిలో పెట్టుకుని చూశాడు యేసుదానం. "గోనెపట్టా జారిపోతన్నాదని ఈ మేకు బేగి కొట్టీసినాను బావా. ఎంట్రుకంత లోపలికి పోయింది. సొక్కా కోసం."

"సొక్కా సంగతి తరవాత. ముందు కత్తి తియ్యి."

గిట్ట చెక్కే కత్తితో ఆ చిల్లు చుట్టూ కొంచెం కొంచెంగా గీశాడు. ఉన్నట్టుండి సన్నగా, బూడిదరంగు చీము చివ్వున చిమ్మింది. గవ్వ పొడుగ్గా ఊపిరి వదిలింది. మనిషి నెత్తి మీద బస్తా దింపుకున్నప్పుడు వదిలే ఊపిరి. ఎత్తి పట్టుకున్న కాలు మెల్లగా నేల మీద ఆనించి, నిలబడి, తాయారు జడలోని కనకాంబరాల వైపు మూతి చాచింది.

నూకరాజు తల అటు తిప్పుకున్నాడు. అసిరమ్మ మాత్రం తిప్పుకోలేదు. అందరి ముందూ కోడలి బుగ్గలు పుణికి మెటికలు విరిచింది.

పశువుల డాక్టరుగారు వచ్చి ధనుర్వాతం రాకుండా సూది వేశారు. గోరువెచ్చటి ఉప్పునీళ్ళలో కాలు ముంచి ఉంచమని, చిల్లులోకి మట్టి పోకుండా కట్టు కట్టమని, పుండు ఎండేదాకా బండి కట్టొద్దని చెప్పి, "ఇంతకీ ఎవరు కనిపెట్టారు?" అని అడిగారు.

"మా కోడలు. బి.ఏ.," అన్నాడు నూకరాజు.

"బి.ఏ.లో గుర్రాల గురించి కూడా చెబుతారా?"

"గుర్రాన్ని నేను సార్," అన్నాడు గురునాథరావు, కమిలిన అరచెయ్యి చూపిస్తూ.

ఆదివారం కొత్తవలస మనిషి తాడు భుజాన వేసుకుని రానే వచ్చాడు. నూకరాజు అతన్ని కూర్చోబెట్టి గ్లాసునిండా టీ ఇప్పించాడు. అతను పాకవైపు చూడబోతే అడ్డం నిలబడ్డాడు. "టీ తాగు. బిస్కట్టు తిను. గుర్రం సంగతి మాత్రం ఎత్తకు."

గవ్వకి జరిగిన సేవ కొత్త పెళ్ళికూతురికి కూడా జరగదు. మిగిలిన చీము లాగెయ్యడానికి గిట్టకి తడి తవుడు ముద్ద పెట్టి గోనెగుడ్డ చుట్టడం తాయారు పని. అది విప్పేసరికి గవ్వ ఆ తవుడు తినబోవడం, అసిరమ్మ కేకలెయ్యడం రోజూ ఉండే వేడుక. తగ్గుతుందో లేదో అన్న భయం ఒక్కొక్క పూటా కరిగిపోయింది. ఒకరోజు చీర అవతలి నుంచి నవ్వు వినపడితే ఇవతల దగ్గుకి బదులు ఇంకో నవ్వు వినపడింది.

పుండు ఎండి గిట్ట గట్టిపడ్డాక యేసుదానం మళ్ళీ వచ్చాడు. ఈసారి బనీనుతో వచ్చాడు.

"సొక్కా ఏదిరా బావా?" అన్నాడు నూకరాజు.

"బీరువాలో ఎట్టి తాళమేసొచ్చాను."

ఒక్కో మేకునీ సుత్తితో తట్టి, చెవి ఆనించి విని, అప్పుడు కొట్టాడు. కుడికాలి పాతది ఊడి సంచిలో పడింది, రెండు ముందుకాళ్ళకీ కొత్త నాడాలే. ఆ తర్వాత తాయారు వైపు తిరిగాడు. "నీ మెట్టె కూడా ఇటియ్యమ్మా. అది కూడా వదులు సేసిత్తాను." పట్టకారుతో వెండి మెట్టెని సుతారంగా విప్పార్చి ఇచ్చాడు. తాయారు అది పెట్టుకుని గెంతి చూసింది.

"ఇప్పుడు గవ్వ," అన్నాడు నూకరాజు.

సందు సందంతా గుమ్మాల్లోకి వచ్చింది. గురునాథరావు కళ్ళెం పట్టుకుని మొదట నడిపించాడు, తర్వాత పరుగెత్తించాడు. అందరూ గవ్వ తల వంకే చూస్తున్నారు. తాయారు మాత్రం కళ్ళు మూసుకుంది. టకటక, టకటక, టకటక. నాలుగు దెబ్బలూ ఒక్కటే గట్టి. కళ్ళు తెరిచేసరికి ఎవరో ఈలేశారు. ఈలేసింది అసిరమ్మ. అత్తకి ఈలొచ్చని తాయారుకి తెలియడం అదే మొదలు.

యేసుదానం సంచిలోంచి అరిగిన పాత నాడాలు రెండూ తీసి చేటలో పెట్టాడు. ఒకటి కుడికాలిది, ఒకటి ఎడమకాలిది. "కొత్తింటి గుమ్మానికి ఏది కొట్టమంటావమ్మా?"

"ఎడంకాలిది," అంది తాయారు ఆలోచించకుండానే.

"ఎడంకాలిదా?" అని గొణిగింది ఎదురింటావిడ.

అసిరమ్మ నడుం మీద చెయ్యేసుకుని అటు తిరిగింది. "అవును. ఎడంకాలిదే. ఇన్నాళ్ళూ నెప్పిని మోసింది ఆ కాలే కదా. నా కోడలు సెప్పింది, అదే కొట్టు."

నూకరాజు మూలనున్న జట్కా కాడి రెండు చేతులా పట్టుకుని కిందికి దించాడు. దుమ్ము దులిపాడు. కోడలినీ కొడుకునీ సందులోని జనాన్నీ ఒకసారి కలయజూసి, పోర్టు సైరన్‌కి పోటీగా చెప్పాడు:

"అందరూ ఇనండి! రేపు పొద్దున్నే జట్కా కడతన్నాను. పాలగిన్నె కోడలి ఒళ్ళో, కోడలు ముందు సీట్లో నా పక్కన. క్వార్టర్లకి అడ్డదారి ఉన్నాది, ఆ దారంట ఎల్లను. మల్కాపురం మెయిన్ రోడ్డంతా ఒక సుట్టు తిప్పి, అందరూ సూసినాక అప్పుడు తీసుకెల్తాను. నువ్వు మాత్రం బండెక్కవురా గురునాథం. గవ్వకి ముందు నడు, దాని తల సూసుకుంటూ!"